జ్వరం గోలీ నుంచి బాత్రూం యాసిడ్ దాకా: ఇంట్లోకి ఏది కొనాలి, ఏది దేనితో కలపకూడదు

మెడికల్ షాపుకు వెళ్లి "అన్నా, జ్వరానికి గోలీ ఇవ్వు" అంటే ఆయన ఇస్తాడు, మనం తెచ్చుకుంటాం. అందులో ఏముందో మనం అడగం, ఆయనకు చెప్పే తీరికా ఉండదు. పైగా రెండు చాలు అన్నామంటే స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసిస్తాడు. మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే మిగిలిపోతుంది. ఇంటికొచ్చాక ఆ కవరు ఫ్రిజ్ మీది డబ్బాలో చేరుతుంది, కొన్ని నెలలు పోయాక అది జ్వరం గోలీనో గ్యాస్ గోలీనో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ నేను బ్రాండ్లకు మార్కులు వేయట్లేదు. మీ దగ్గరున్న రెండు వేర్వేరు పేర్ల మాత్రల్లో ఉన్నది ఒకే మందు కావచ్చు, బాత్రూం అరలో పక్కపక్కనే పెట్టిన రెండు సీసాల్లో ఉన్నవి ఒకదానికొకటి అస్సలు పడని రసాయనాలు కావచ్చు. అందుకే పోలిక అంతా లోపలున్న పదార్థాల మధ్యే పెట్టాను. స్ట్రిప్ వెనక, సీసా పక్కన రాసి ఉండే ఆ పేర్లలో ఒక పాతిక గుర్తుపట్టగలిగితే మామూలు ఇంటికి సరిపోతుంది. ఇదంతా చిన్నాచితకా బాధలకే సుమా. గర్భిణులు, పసిపిల్లలు, కిడ్నీకో లివర్‌కో గుండెకో రోజూ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా కొత్త మాత్ర ఏదీ మొదలుపెట్టొద్దు.

జ్వరం, ఒళ్లునొప్పులు

పోటీలో ఉన్నవి ప్రధానంగా పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్. ఇంట్లో ఒక్కటే పెట్టుకోవాలంటే పారాసిటమాల్ పెట్టుకోండి, ఆలోచించే పనే లేదు. కడుపులో మంట పెట్టదు, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు, జ్వరం తగ్గిస్తుంది, మామూలు తలనొప్పికీ ఒళ్లునొప్పులకీ పనిచేస్తుంది. క్రోసిన్, కాల్పాల్, డోలో అన్నీ ఇదే. 500 ఎంజీ, 650 ఎంజీ అనే తేడా తప్ప వాటి మధ్య ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. "నాకు డోలో అయితేనే పనిచేస్తుంది" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్లతో వాదన పెట్టుకోకండి.

దీని వాపు తగ్గించే శక్తి తక్కువ. కాలు బెణికి వాచినా, చిగురు వాచి పన్ను పీకుతున్నా, నెలసరి నొప్పి గట్టిగా ఉన్నా ఐబుప్రోఫెన్ మెరుగ్గా పనిచేస్తుంది. అది మాత్రం ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. అల్సర్ ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయినవాళ్లు దాని జోలికి పోకూడదు.

మన హైదరాబాద్‌లో వానాకాలం మొదలై చలి వచ్చేదాకా డెంగీ సీజనే. ఆ నెలల్లో జ్వరం వస్తే అది డెంగీ కాదని తేలేవరకు పారాసిటమాల్ ఒక్కటే వాడండి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి, డెంగీలో అసలు భయమే దాని గురించి. కాంబిఫ్లామ్ లాంటి మాత్రల్లో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ కూడా ఉంటుంది, అది తెలియకుండా ఎంతోమంది జ్వరానికి అదే వేసుకుంటారు. ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులుంటే అలాంటి మాత్ర వేసుకోవాలనే అనిపిస్తుంది, ఆ నొప్పులు డెంగీ వల్లే కావచ్చు, కాబట్టి పరీక్ష అయ్యేదాకా ఓర్చుకోవడం మంచిది.

ఆస్పిరిన్ ఇప్పుడు జ్వరం మందుగా దాదాపు పోయింది. 75 ఎంజీ మాత్రలు గుండె జబ్బు ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా డాక్టర్లు రాస్తారు, దాని చోటు అక్కడే. పిల్లలకు జ్వరంలో ఇస్తే లివర్‌నీ మెదడునూ దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ రావచ్చు, ఇవ్వకూడదు. జ్వరానికీ నొప్పులకీ వాడే నిమెసులైడ్ కూడా అంతే, 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే ప్రభుత్వం నిషేధించింది. డైక్లోఫెనాక్ మోకాళ్ల నొప్పులకు బాగా నడుస్తుంది, అయితే రోజూ మాత్ర మింగే బదులు అదే మందు ఉన్న జెల్ రాసుకుంటే కడుపుకీ కిడ్నీకీ భారం చాలా తగ్గుతుంది, పెద్దవాళ్లున్న ఇంట్లో ముందు జెల్‌తోనే మొదలుపెట్టండి. ఈ డైక్లోఫెనాక్‌ను పశువులకు కూడా విపరీతంగా వాడేవాళ్లు, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై దేశమంతా కుప్పలుగా చచ్చిపోయాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మన మందుల డబ్బాలో ఉన్న మాత్రే ఒక పక్షి జాతిని దాదాపు ఊడ్చేసిందంటే నమ్మబుద్ధి కాదు.

పారాసిటమాల్ మంచిది కదా అని లెక్క లేకుండా వేసుకునేది కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ హద్దు, అంటే 650 మాత్రలు ఆరుకు మించకూడదు, మాత్రకూ మాత్రకూ కనీసం నాలుగు నుంచి ఆరు గంటల గ్యాప్ ఉండాలి. మద్యం తాగే అలవాటున్నవాళ్లకు, సన్నగా ఉండే పెద్దవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ. ఎక్కువైతే దెబ్బ పడేది లివర్ మీద, అదీ వెంటనే తెలియదు. జనం ఎక్కువ వేసుకునేది కూడా తెలిసి కాదు. జ్వరానికి ఒక డోలో, దాంతో పాటు సర్దికి ఒక కోల్డ్ టాబ్లెట్ వేసుకుంటారు. ఆ కోల్డ్ టాబ్లెట్ వెనక చదివితే అందులోనూ పారాసిటమాలే ఉంటుంది.

పిల్లల సిరప్పుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 ఎంజీ. పది కిలోల పాపకు 150 ఎంజీ అనుకుందాం. 5 ఎంఎల్‌లో 125 ఎంజీ ఉండే సిరప్ అయితే అది 6 ఎంఎల్. 5 ఎంఎల్‌లో 250 ఉండే డీఎస్ సిరప్ అయితే 3 ఎంఎల్ మాత్రమే. ఎంఎల్‌కు 100 ఎంజీ ఉండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర ఎంఎల్‌తోనే అయిపోతుంది. పోయినసారి 6 ఎంఎల్ పోశాం కదా అని ఈసారి తెచ్చిన డీఎస్ సీసాలోంచి కూడా 6 పోస్తే రెట్టింపు డోసు పడినట్టే. రంగు, వాసన, సీసా అన్నీ ఒకేలా ఉంటాయి. కొనేటప్పుడే 5 ఎంఎల్‌కు ఎంత అని అడిగి, స్కెచ్ పెన్నుతో సీసా మీద పెద్దగా రాసుకోండి, కొలతకు సీసాతో వచ్చిన మూతో సిరంజో వాడండి, వంటింటి స్పూన్లు వద్దు.

మోషన్స్ పట్టుకుంటే

విరేచనాలప్పుడు తాగాల్సింది ఓఆర్ఎస్, అంటే ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిపిన నీళ్లు. ఆ పేరు పెట్టుకుని అమ్మిన డ్రింకుల గొడవ హైదరాబాద్‌లో అందరికీ తెలిసిందే, తెలియనిది ఆ గొడవ ఎవరి వల్ల మొదలైందన్నది. మన ఊరి పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు ఒంటరిగా పోట్లాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పండ్ల రసాలు, ఎలక్ట్రోలైట్ డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట పెట్టుకోవడానికి అంతకుముందు ఇచ్చిన వెసులుబాటు తీసేసింది. అప్పటిదాకా మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అడిగితే రంగురంగుల టెట్రా ప్యాక్ చేతికొచ్చేది, విరేచనాలతో నీరసించిన పిల్లలకు అదే పట్టించేవాళ్లు. అందులో చక్కెర ఎక్కువ, అసలు కావాల్సిన ఉప్పు తక్కువ.

చక్కెర ఎక్కువైతే ఏమవుతుంది అంటే, విరేచనాలు పెరుగుతాయి. పేగులోపల గ్లూకోజూ సోడియమూ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది, ఓఆర్ఎస్ కిటుకంతా ఇదే. రెండూ సరైన పాళ్లలో ఉండాలి. చక్కెర మితిమీరితే అది పేగులోనే ఉండిపోయి, ఒంట్లో ఉన్న నీటిని కూడా పేగులోకి లాగేస్తుంది. డబ్ల్యూహెచ్‌వో లెక్క ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం ఇరవైన్నర గ్రాముల పొడి. 1971 బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ఉప్పు చక్కెర నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి తాగించాడు. అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది 2023లో, ఆయన పోయాక.

కాబట్టి ఎంపిక ఇలా చేసుకోండి. మొదటిది, డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో చెంచాడు చల్లుకుని తాగితే పాళ్లు చెడిపోతాయి. ఇంట్లో ఒక్కరే ఉంటే 200 ఎంఎల్‌కు సరిపడే చిన్న ప్యాకెట్లు కొనుక్కోండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. అర్ధరాత్రి ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం, కాబట్టి తాగి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. గ్లూకోజ్ పొడి డబ్బాలు ఎండకు అలసిపోతే తాగడానికి సరే, విరేచనాలకు పనికిరావు, వాటిలో కావాల్సినంత ఉప్పు ఉండదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. ఉప్పేసిన మజ్జిగ, గంజి మాత్రం మొదటి పూట నిక్షేపంగా పనికొస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు కూడా విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ తాగొచ్చు, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర పెద్దవాళ్లు తప్పనిసరి ప్రయాణానికి ఒకటి వేసుకుంటే వేసుకోవచ్చు. జ్వరం ఉన్నా, రక్తం పడుతున్నా, పిల్లలకైతే ఎప్పుడూ, వద్దు. పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు జింక్ 14 రోజులు ఇస్తారు, మోషన్స్ ఆగిపోయినా ఆ కోర్సు ఆపకూడదు. కళ్లు లోపలికి పోయి, మూత్రం రాకుండా, మగతగా ఉంటే ఇంట్లో ప్రయోగాలు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గ్యాస్, ఛాతీలో మంట

రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని పడుకునే ఊరు కాబట్టి ఈ మాత్రలు ఇక్కడ బఠాణీల్లా అమ్ముడవుతాయి. ఈనో లాంటి పొడిలో ఉన్నది వంట సోడా, నిమ్మ ఉప్పు. నీళ్లలో వేయగానే పొంగుతుంది, కడుపులో ఆమ్లాన్ని నిమిషాల్లో తగ్గిస్తుంది, ఆ ఉపశమనం ఎక్కువసేపు నిలవదు. సోడియం బాగా ఉంటుంది గనక బీపీ, గుండె, కిడ్నీ రోగులకు మంచిది కాదు. డైజీన్, జెలూసిల్ లాంటి గులాబీ రంగు మందుల్లో మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్లు ఉంటాయి. ఒకటి మోషన్ చేయిస్తుంది, ఇంకోటి మలబద్ధకం చేస్తుంది, అందుకే రెండూ కలిపి అమ్ముతారు. ఎప్పుడో ఒకసారి మంట వస్తే ఇవే మేలు.

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వేరే జాతి. ఉన్న ఆమ్లాన్ని అవి ఏమీ చేయవు, కొత్తగా ఊరకుండా ఆపుతాయి. అందుకే తినడానికి అరగంట ముందు వేసుకోవాలి, పూర్తిగా పనిచేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది, మంట పుట్టాక భోజనం మీద వేసుకుని తగ్గలేదంటే దాని తప్పు కాదు. వారంలో చాలా రోజులు మంట వచ్చేవాళ్లకు డాక్టర్ కొన్ని వారాలకు రాస్తారు. ఎప్పుడో రాసిన చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునేవాళ్లు మన చుట్టూ ఎంతమందో. అలా వాడితే బీ12, మెగ్నీషియం తగ్గిపోవచ్చు. పేరు చివర డీ ఉంటే అందులో వాంతులు ఆపే డోంపెరిడోన్ కూడా కలిసి ఉన్నట్టు, గుండె కొట్టుకోవడంలో తేడా ఉన్నవాళ్లు అది అడక్కుండా వాడొద్దు.

థైరాయిడ్ మాత్రకూ ఈ యాంటాసిడ్లకూ మధ్య నాలుగు గంటలు గ్యాప్ ఉంచండి. ఐరన్ మాత్రకూ ఇరానీ చాయ్‌కీ కూడా పడదు, చాయ్‌లోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి, అదే నిమ్మరసంతో అయితే బాగా ఒంటబడుతుంది.

ఛాతీ మధ్యలో బరువుగా ఉండి, చెమటలు పట్టి, ఎడమ చేయో దవడో లాగుతుంటే అది గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి కూడా సరిగ్గా తెలియకపోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించండి, గ్యాస్ అని తేలితే తేలనివ్వండి.

సర్ది, తుమ్ములు

రోడ్ల పక్క ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ, ఎక్కడ చూసినా తవ్వకాల దుమ్ము, తుమ్ములు రాకపోతే ఆశ్చర్యపోవాలి. క్లోర్‌ఫెనిరమైన్ పాత మందు, బాగా నిద్ర తెస్తుంది, చాలా కోల్డ్ టాబ్లెట్లలో ఉండేది ఇదే. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ కొంత నయం, అయినా కొందరిని పడగొట్టేస్తాయి, రాత్రిపూట వేసుకునేదానికి సరిపోతాయి. పొద్దున బండి మీద ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లేవాళ్లకు ఫెక్సోఫెనడిన్ మేలు, నిద్ర చాలా తక్కువ. ధర కాస్త ఎక్కువే. దాన్ని పండ్ల రసంతో కాకుండా మామూలు నీళ్లతో వేసుకోండి, రసం తాగితే మందు సరిగ్గా ఒంటబట్టదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్ ఇవ్వకూడదని 2023 డిసెంబర్‌లో డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ చెప్పారు. ఇంట్లో పెద్దబాబుకు తెచ్చిన సీసా చిన్నదానికి పట్టకండి.

జలుబుకు అజిత్రోమైసిన్ వద్దు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ మీదే కొనాల్సిన మందని గుర్తు.

దెబ్బ తగిలితే, కుక్క కరిస్తే

చిన్న గాయానికి అన్నిటికంటే ముందు నల్లా నీళ్లు, సబ్బు. ఆ తర్వాత పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్ ఒక్కటి ఇంట్లో ఉంటే చాలు, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు మాత్రం పెద్ద గాయాలకు పదే పదే రాయొద్దు. డెటాల్‌లో ఉన్నది క్లోరోజైలెనాల్, సావ్లాన్‌లో ఉన్నది క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్. రెండూ నీళ్లలో కలిపి వాడాల్సినవే, గాయం మీద నేరుగా పోస్తే మంటా చర్మం పాడవడమే మిగులుతుంది. కాలినచోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లధార, టూత్‌పేస్ట్ వద్దు.

కుక్క కరిస్తే ఏ మందు రాయాలనే ప్రశ్న తర్వాత. ముందు పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగాలి. గడియారం చూసుకుని కడగండి, పావుగంట చాలా పెద్దగా అనిపిస్తుంది, నురగ వచ్చింది కదా అని రెండు నిమిషాలకే ఆపేస్తాం. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో చేసినది, సబ్బు దాన్ని విడగొడుతుంది. కారం, సున్నం, పసుపు, ఏదీ అద్దొద్దు, కట్టు కూడా గట్టిగా కట్టొద్దు. కడిగాక పోవిడోన్ అయోడిన్ రాసి అదే రోజు టీకాకు వెళ్లాలి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో వేస్తారు. చర్మం చీరి రక్తం వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, అది మీరే అడగండి. మొదటి రోజు తర్వాత 3, 7, 28వ రోజుల డోసులు కూడా ఎగ్గొట్టకూడదు, కండకు ఇచ్చే ఇంజెక్షన్ అయితే 14వ రోజు కూడా ఉంటుంది.

బ్రాండా, జెనెరికా?

పేరున్న బ్రాండ్ కొనాలా, అదే మందును బ్రాండ్ పేరు లేకుండా చవగ్గా అమ్మే జెనెరిక్ కొనాలా అన్నది హైదరాబాదీలు అడగాల్సిన ప్రశ్నే కాదనిపిస్తుంది. 1960ల్లో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ప్లాంటు పెట్టారు, అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి జీడిమెట్ల, బొల్లారం చుట్టూ సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టిన అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవాడే. మాత్రలోకి వెళ్లే అసలు మందు పొడిని, అంటే బల్క్ డ్రగ్‌ను, టన్నుల్లో తయారుచేసే ఊరిది. అదే పొడి వేర్వేరు కంపెనీలకు వెళ్లి వేర్వేరు పేర్లతో తిరిగి మన షాపులకే వస్తుంది.

బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, గ్యాస్ మాత్రలు నెలనెలా కొనేవాళ్లు జనఔషధి కేంద్రంలో అడిగి చూడండి, చాలావాటికి సగానికి పైగా మిగులుతుంది. చీటీ మీద బ్రాండ్ పేరుంటే కింద మందు పేరు, ఎంజీ రాయమని డాక్టర్‌నే అడగొచ్చు. నేనైతే థైరాయిడ్, మూర్ఛ, రక్తం పలచబడే వార్ఫరిన్ మందుల విషయంలో మాత్రం తరచూ కంపెనీ మార్చను. వాటిలో డోసు కొంచెం అటూ ఇటూ అయినా తేడా కొడుతుంది, మార్చాల్సొస్తే డాక్టర్‌కు చెప్పి మార్చి మళ్లీ రక్తపరీక్ష చేయించుకోవాలి.

బాత్రూం అర

బోరు నీళ్ల అపార్ట్‌మెంట్లలో నల్లాల మీద, కమోడ్ అంచుల్లో, బకెట్ లోపల గట్టిపడే తెల్లటి పొర కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. దాన్ని కరిగించేది ఆమ్లమే. బ్లీచింగ్ పౌడర్ ఎంత పోసినా ఆ పొర కదలదు, అది క్రిముల్ని చంపడానికి, మరకల్ని తెల్లగా చేయడానికి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, సైకిళ్ల మీద డబ్బాల్లో తెచ్చి అమ్మే యాసిడ్ కూడా అదే, ఇంకా ఘాటుగా. ఘాటెంతో రాసి ఉండదు, లేబుల్ ఉండదు, నేనైతే కొనొద్దంటాను.

పొరకు యాసిడ్, క్రిములకు బ్లీచ్, రెండు పనులకూ రెండూ కావాలి కదా అని ఒకేసారి పోశారో, క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన నాలుగడుగుల బాత్రూంలో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. కొత్తగా వచ్చిన పనమ్మాయికి మొదటిరోజే చెప్పాల్సిన మాట ఇది, ఎందుకంటే రెండు సీసాలూ ఆమె చేతికే ఇస్తాం. ఒకటి వాడిన రోజు ఇంకోటి వాడకండి, వాడాల్సొస్తే మధ్యలో బాగా నీళ్లు పోసి కడిగి, తలుపూ కిటికీ తీసి ఉంచండి. ఎప్పుడైనా ఘాటు కొడితే సీసా అక్కడే వదిలేసి బయటికి రావాలి.

పాత ఇళ్లలో షాబాద్ బండలు, తాండూరు బండలు పరిచి ఉంటే వాటి మీద యాసిడ్, నిమ్మ ఉప్పు, వెనిగర్ ఏదీ పోయకూడదు. ఆ బండ సున్నపురాయి, ఆమ్లం తగలగానే బుసబుసా పొంగి నునుపు పోయి గరుకు తేలుతుంది, ఇక ఏ పాలిష్‌కూ పాత కళ రాదు. వాటికి మామూలు సబ్బు నీళ్లు, ఫినాయిల్ చాలు.

వంటింట్లో కెటిల్ అడుగు తెల్లబడితే నిమ్మ ఉప్పు ఒక చెంచా వేసి మరిగించి పారబోస్తే చాలు. జిడ్డుకు చాకలి సోడా, చేతికి తొడుగు వేసుకుని. వంట సోడా, వెనిగర్ కలిపి రుద్దితే మాయ చేస్తుందని వీడియోల్లో చూపిస్తారు. ఆ పొంగు చూడ్డానికే, ఒకటి క్షారం ఇంకోటి ఆమ్లం, కలిస్తే రెండూ చల్లబడి ఉప్పు నీళ్లలాంటిది మిగులుతుంది. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి.

యాసిడైనా ఫినాయిలైనా కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోసి పెట్టకండి. పిల్లలు తాగేస్తే వాంతి చేయించొద్దు, వచ్చేటప్పుడు ఆ ఘాటు గొంతును రెండోసారి కాలుస్తుంది. ఆ సీసా కూడా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి, ఏం తాగాడో డాక్టర్‌కు తెలిస్తేనే వైద్యం త్వరగా మొదలవుతుంది.

దోమలు

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. అయినా మన దోమలకు ఆ గౌరవం ఏమీ లేదు. కాయిల్ పొగ మూసిన గదిలో మంచిది కాదు, ఆయాసం ఉన్నవాళ్లున్న ఇంట్లో అసలు వద్దు. ప్లగ్గులో పెట్టే లిక్విడ్‌లో సాధారణంగా ఉండేది ట్రాన్స్‌ఫ్లుత్రిన్, పొగ ఉండదు, కిటికీ కాస్త తెరిచి వాడుకోవచ్చు. అయితే డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగలు, స్కూల్లో, ఆఫీసులో, పార్కింగ్‌లో. రాత్రి ప్లగ్గు పెట్టి నిశ్చింతగా ఉంటే సగం పనే అయినట్టు. పిల్లలకు పొద్దున బడికి వెళ్లేముందు చేతులకు కాళ్లకు రాసే క్రీమ్ ఆ పూటకు ఎక్కువ ఉపయోగం, ఏ వయసు నుంచి రాయొచ్చో ట్యూబు మీద చూసుకోండి. ఉయ్యాల్లో పసిపిల్లలకు మాత్రం దోమతెరే. ఇక కూలర్ అడుగున, పూలకుండీ పళ్లెంలో, టెర్రస్ మీద పాత టైరులో నిలిచిన నీళ్లు వారానికోసారి పారబోస్తే పైన చెప్పినవాటి ఖర్చు కూడా తగ్గుతుంది, ఎందుకంటే గుడ్డు నుంచి దోమ తయారవడానికి వారం పది రోజులు పడుతుంది.